కొండకు పోయేవాడు ఏం పట్టుకొని పోతున్నాడు?

(అలంపూర్‌లో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)

 

'నల్లమల, చెంచులు, మనం' అనే విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. చెంచుల తరఫున మాట్లాడటానికి చెంచులున్నారు. వాళ్ళకు నోరు లేదని మనం అనుకుంటే ఆ లోపం మన చెవులది. కాబట్టి ఆ మూడు మాటల్లో మూడోదాన్ని పట్టుకొని మాట్లాడుతాను. మైదానం నుంచి కొండకు పోయిన 'మనం' ఎవరం? ఏం పని మీద పోయినం? అక్కడోళ్ళు మనలను చూసి ఏమనుకుంటున్నరు? అట్ల ఎందుకనుకుంటున్నరు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు వెతకడమే నా ప్రసంగం.

ఈ చర్చ ఇప్పుడే ఎందుకంటే కారణం ఉంది. ఈ మధ్య మన వాడల్లో ఒక మాట నలుగుతున్నది. 'అమ్రాబాద్ అడివిల చెంచోళ్ళను కిందికి దించుతున్నరంట. ఇంటికి పదిహేను లక్షలిస్తరంట. మనకెవడు పది రూపాయలిచ్చిండు?' అని. ఇంకో దిక్కు, 'కొండ మీద భూమి అగ్గువకు కౌలుకు దొరుకుతది, పోదాం పా' అనేవాళ్ళూ ఉన్నరు. మొదటి మాటలో కడుపుమంట ఉంది. రెండో మాటలో ఆశ ఉంది. మంటా మనదే, ఆశా మనదే. వాటిని తప్పని కొట్టిపారేయను. కాని ఈ రెండు మాటలు ఎవరికి లాభమో ఆలోచించాలె.

ముందు మన సంగతి

మనం కూచున్న ఈ అలంపూర్‌లోనే మనకొక పాఠం రాళ్ళ రూపంలో ఉంది. కృష్ణా, తుంగభద్ర కలిసే కూడవెల్లి దగ్గర ఉండిన సంగమేశ్వరాలయం ఇప్పుడు మన ఊళ్ళో ఉంది. శ్రీశైలం డ్యాం నీళ్ళల్ల మునుగుతదని రాయి రాయికి గుర్తు పెట్టి, విప్పి, బండ్లకెత్తి, ఇక్కడ మళ్ళీ పేర్చిండ్రు. పాపనాశి గుళ్ళను అట్లనే జరిపిండ్రు. అవతల సోమశిల గుళ్ళకు, జటప్రోలు గుడికి కూడా కొత్త తావు దొరికింది. మంచిదే. పాత శిల్పం బతికింది. దాని మీద మనకు కోపం లేదు.

మరి మనుషుల సంగతేమిటి? 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ డ్యాం 1981 నాటికి నిండటానికి తయారైంది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు మునిగినయి. లక్షకు పైగా జనం ఊరిడిచిండ్రు. ఖాళీ చేయనన్నవాళ్ళ ఇండ్లను సర్కారే పోలీసులను పెట్టి కూలగొట్టించింది. మా అమ్మది ముంపు ఊరు. ఆమె ఇప్పటికీ ఒక మాట అంటది: 'గుడి రాళ్ళకు నంబర్లేసిండ్రు బిడ్డా, మన వాడ గుడిసెలకు ఎవడు నంబరెయ్యలే' అని.

పట్టా భూమి ఉన్నోడికి తక్కువో ఎక్కువో పరిహారం వచ్చింది. భూమి లేనోడికి గుడిసె విలువ కట్టి చేతుల పెట్టిండ్రు. ఏటి ఒడ్డున ఎండకాలం వేసుకున్న దోసపాదు, పట్టుకున్న చేప, పెద్దరైతు దగ్గర ఏడాది జీతం, చచ్చిన గొడ్డు తోలు, ఇవేవీ ఏ రికార్డులోనూ లేవు. కాబట్టి వాటికి ధర కూడా లేదు. 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. ముంపు కుటుంబంలో ఒకరికి ఉద్యోగం అన్నది. ఆ కాయితం పట్టుకొని ముందు తండ్రులు తిరిగిండ్రు, తర్వాత కొడుకులు తిరిగిండ్రు.

ఆ ముంపు జనం ఎక్కడికి పోయిండ్రు? మిట్ట మీదున్న ఊళ్ళకు పోయిండ్రు. పోయినచోట వాళ్ళను ఏమన్నరు? 'ముంపోళ్ళు' అన్నరు. ఊరి పెద్దకులాలు బాయి కాడ ఆపడం మనకు కొత్త కాదు. కాని ఆ ఊరి మన వాడోళ్ళు కూడా మొహం చిట్లించుకున్నరు. 'మా కూలి మీద మన్ను పోయడానికి వచ్చిండ్రు' అన్నరు. ఆ మాట అన్యాయంగా కనిపిస్తది గాని, లెక్క చూస్తే అబద్ధం కాదు. వంద మంది కూలోళ్ళున్న ఊరికి ఇంకో వంద మంది వస్తే రేటు పడిపోతది. లాభం ఎవరిదంటే కూలికి పెట్టుకునేవాడిది. వచ్చినోడికి, ఉన్నోడికి మధ్య కొట్లాట పెరిగినంత కాలం ఆ లాభం గురించి ఎవరూ అడగరు.

ఇది గుర్తుపెట్టుకోండి. కొండ మీద సంగతి అర్థం కావడానికి ఇదే మనకు ఓనమాలు.

కొండ ఎక్కినవాళ్ళు

నల్లమల చెంచుల తావు. పది పదిహేను గుడిసెలుంటే దాన్ని 'పెంట' అంటరు. అప్పాపూర్, రాంపూర్, మల్లాపూర్, భౌరాపూర్ అట్లాంటి పెంటలే. తేనె, తపసి బంక, చింతపండు, ఇప్పపువ్వు, గడ్డలు, వీటి మీద బతికిన జాతి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తంలో వాళ్ళు 64 వేల చిల్లర. మన అలంపూర్, గద్వాల తాలూకాల్లో దళితుల లెక్కతో పోలిస్తే వాళ్ళెంత మంది? ఓటు లెక్క చూసే రాజకీయానికి ఆ 64 వేలు కంటికి ఆనవు.

బయటినుంచి వచ్చేవాడంటే చెంచులకు మొదటినుంచీ పడదని మన ఆఫీసర్లు రాస్తుంటరు. అది నిజం కాదు. శ్రీశైలం మల్లన్నను వాళ్ళు తమ ఇంటి అల్లుడంటరు, భ్రమరాంబను తమ ఆడబిడ్డ అంటరు. వాళ్ళ కథ ప్రకారం దేవుడే బయటినుంచి వచ్చినోడు. వచ్చినోడు పిల్లనడిగిండు, సుట్టమైండు. కాబట్టి వచ్చినోడిని కలుపుకునే పద్ధతి వాళ్ళకు తెలుసు. ఆ పద్ధతిని ఖాతరు చేయనిది వచ్చినోళ్ళే.

ఎవరెవరు ఎక్కిండ్రో చూద్దాం. మొదట ఎక్కింది జంగ్లాత్. నిజాం కాలంలోనే అడివికి హద్దులు పెట్టిండ్రు. 1940లలో హైమెన్‌డార్ఫ్ అనే పండితుడు చెంచుల మధ్య ఉండి రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. అప్పటికే వాళ్ళ చుట్టూ మైదానపు రైతు, షావుకారు, గార్డు చేరిపోయిండ్రు. తర్వాత 1983లో పులుల అభయారణ్యం. రాష్ట్రం విడిపోయినాక 2015లో తెలంగాణ భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. పులి వేల ఏండ్ల నుంచి చెంచు పక్కనే ఉంది. పులికి చెంచు అడ్డమని కనిపెట్టింది పైకొచ్చిన ఆఫీసు.

రెండోసారి ఎక్కింది ప్రాజెక్టు. ఊళ్ళ పేర్లు చూడండి: సున్నిపెంట, దోమలపెంట, ఈగలపెంట. మూడూ 'పెంట'లే. అక్కడ లేచినవి మాత్రం డ్యాం కాలనీలు, పవర్‌హౌస్ కాలనీలు. పేరు చెంచులది, క్వార్టర్లు మైదానమోళ్ళవి. ఆ క్వార్టర్లు కట్టింది, ఆ డ్యాంకు రాయి మోసింది ఎవరు? మన పాలమూరు లేబర్. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని, పిల్లలను ఎత్తుకొని పోయిన మనోళ్ళే. పని అయిపోంగానే తట్ట ఎత్తుకొని ఇంకో కొండకు పోయినరు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలింది. లోపల 8 మంది చిక్కుకున్నరు. ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, పంజాబ్, జమ్మూకాశ్మీర్ నుంచి వచ్చినోళ్ళు. వారాల తరబడి వెతికితే దొరికినవి ఇద్దరి దేహాలు. వాళ్ళూ నల్లమలకు కొత్తగా వచ్చినోళ్ళే. వాళ్ళను చూసి ఏ చెంచూ 'ఎందుకొచ్చిండ్రు' అనలేదు.

మూడోసారి ఎక్కింది వ్యవసాయం. ఇందులో అందరినీ ఒక గాటన కట్టొద్దు. లంబాడ అన్నలు పశువులు మేపుకుంటూ తరాల కింద వచ్చి తండాలు కట్టుకున్నోళ్ళు. పెద్దకులాల రైతులు పత్తి, మిర్చి లాభం చూసి వచ్చినోళ్ళు. వీళ్ళ వెంట కూలికి, కౌలుకు పోయినోళ్ళు మన మాల మాదిగలు. ఆఖరుకు ఎక్కినవి యురేనియం, టూరిజం. యురేనియం సంగతి తర్వాత చెప్తా.

చేతిలో ఏముంది?

నేను టీచరైన కొత్తలో కొండ కింద ఊరి బడిలో ఎనిమిదేండ్లు పనిచేసిన. పిల్లలను బడిలో చేర్పించడానికి, జనాభా లెక్కలకు, ఓటరు లిస్టులకు పెంటలకు పోతుండేది. ఒక పెద్దాయన నాతో అన్న మాట చెప్తా. 'సారూ, పైకొచ్చినోళ్ళందరు మాకు సుట్టాలే. మూడొద్దులుంటే సుట్టం. నాలుగోనాడు గెట్టు పెడితే సుట్టమెట్లయితడు?'

నేను చదివిన ఏ రిపోర్టులోనూ ఇంత స్పష్టంగా లేదు. ఆయన వచ్చినోడి కులం అడగలేదు, జిల్లా అడగలేదు, భాష అడగలేదు. చేతిలో ఏముందని చూసిండు. కుండ పట్టుకొని వచ్చినోడు నీళ్ళు తాగి, వండుకొని, పని చేసుకొని పోతడు. గొలుసు పట్టుకొని వచ్చినోడు భూమిని కొలుస్తడు. కొలిచినంక కాయితం రాస్తడు. కాయితం రాసినంక, అంతవరకు అక్కడ తిరిగినోడు దొంగయితడు. కొండోళ్ళ భయం ఆ గొలుసు మీద.

కొలిచిన గొలుసు ఏం చేస్తదో చూడండి. చెంచుకు ప్రభుత్వం భూమి పట్టా ఇస్తది. ఎద్దుల్లేవు, పెట్టుబడి లేదు. కిందినుంచి ఒకడొచ్చి కౌలుకు తీసుకుంటడు. కౌలు పైసలు అప్పు కింద జమయితయి. చివరికి చెంచు తన చేనులో తానే కూలికి పోతడు. 1959 భూమి బదలాయింపు చట్టం, దాన్ని గట్టి చేసిన 1970 చట్టం, మనం '1/70' అనేది, ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి చేతికి మారడం చెల్లదని చెప్తుంది. కౌలు నోటిమాట మీద నడిచినంత కాలం ఆ చట్టం బీరువాలో పడుకుంటది. 2024లో కొల్లాపూర్ వైపు ఒక చెంచు ఆడబిడ్డను పనికి రాలేదని చిత్రహింస పెట్టిన వార్త మీరందరూ చదివిండ్రు. ఆమె భూమిని కౌలుకు తీసుకున్నవాళ్ళ దగ్గరే ఆమె కూలికి పోయేదని పత్రికలు రాసినయి. మన తాతలు జీతమున్న ఇంట్ల జరిగింది కూడా ఇదే కదా. వెట్టి మనదాకా వచ్చి ఆగిపోలేదు. కొండ కూడా ఎక్కింది.

ఇక మన కౌలుదారు. మన మాదిగాయన కొండ మీద రెండెకరాలు కౌలుకు తీసుకుంటే దొర అయితడా? కాడు. అతని దగ్గర కూడా అప్పు కాయితమే ఉంది. కాని చెంచు చూసేది అతని అప్పును కాదు, అతని నాగలిని. ఇద్దరు పేదోళ్ళ మధ్య గెట్టు లేచింది. గెట్టు వేయించిన షావుకారు కింద బజారులో కూచొని ఇద్దరి పంటా కొంటడు.

ఎత్తి పోసిన నీళ్ళు

ఇంకో సంగతి దాచకుండా చెప్పుకోవాలె. ఒకసారి పెంటలో దాహమై నీళ్ళడిగిన. ఒక ముసలమ్మ 'ఏమోళ్ళు సారూ?' అన్నది. చెప్పిన. దోసిలి పట్టమని ఎత్తి పోసింది. మీలో ఎంతమందికి ఆ నీళ్ళ రుచి తెలుసో నాకు తెలుసు.

కోపం వచ్చింది. రావాలె కూడా. కాని ఆ అమ్మ దగ్గర గుడి లేదు, అగ్రహారం లేదు, చేను లేదు. ఆమె వారానికొకసారి అడివి దిగి సంతకు తేనె తెస్తది. సంతలో షావుకారు అరుగు కింద నిలబడి నీళ్ళడిగితే ఆమెకూ ఎత్తే పోస్తరు. తనకు పోసినట్లే నాకు పోసింది. కులం మనకన్నా ముందే కొండ ఎక్కింది. మైదానం పంపిన సరుకుల్లో ఉప్పు, కిరోసిన్, సారా ఉన్నట్లే ఇదీ ఉంది. అంటరానితనం చెంచు చేసినా అంటరానితనమే. దాన్ని ఎదుర్కోవాలె. అయితే 'మమ్మల్ని అంటనియ్యరు, కాబట్టి వాళ్ళేమైపోతే మాకేం' అనేది అంబేడ్కర్ వాదం కాదు. ఎత్తి పోయించుకున్న ఇద్దరు ఒకరికొకరు ఎత్తి పోసుకుంటుంటే పైన కూచున్నోడికి పండుగ.

మన ఉద్యోగం, వాళ్ళ బడి

చదువుకున్న మనకు ఇంకో పరీక్ష ఉంది. 2000 సంవత్సరంలో ఉమ్మడి ప్రభుత్వం 3వ నంబరు జీవో తెచ్చింది. ఏజెన్సీ ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది. అందుకే కొండ మీది బడిలో నాకు పోస్టు రాలేదు, కింది బడిలో వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదన్నది.

ఆనాడు మన టీచర్లలో కూడా కొందరు సంతోషపడిండ్రు. 'ఇక మనకూ పోస్టులొస్తయి' అన్నరు. నేను వాళ్ళను ఒకటే అడిగిన. మన రిజర్వేషన్ మీద కోర్టుకు పోయేవాళ్ళు చెప్పే మాట ఇదే కదా, అవకాశాలు అందరికీ సమానంగా ఉండాలని? మన మీదికొస్తే అది మనువాదం, కొండ మీదికి పోతే న్యాయమా?

కొండ బడికి మైదానం టీచరు పోతే ఏమయితదో చూసిన. మంచి టీచర్లు లేరని కాదు. పెంటలో ఉండే టీచరు తక్కువ. పట్నంలో కాపురం, పొద్దుగాల బస్సు, బస్సు రాకపోతే బడి లేదు. పిల్లల మాట టీచరుకు తెలియదు. 'చెంచోనికి చదువెందుకు' అనే నవ్వు మాత్రం పిల్లలకు అర్థమయితది. మనం ఒకప్పుడు బడి అరుగు మీద దూరంగా కూచుండి ఆ నవ్వే విన్నం. నేను మా ఇంట్ల మొదటి డిగ్రీవాణ్ణి. నన్ను చదివించింది మన వాడనుంచి వచ్చిన ఒక సారు. చెంచు పిల్లకు చెంచు టీచరు కావాలనడం మనకు అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమయితది?

చెంచులు ఇంకో మాట కూడా అంటరు. ఎస్టీ అనే ఒక్క పేరు కింద పెద్ద జాతులతో కలిపితే తమ వంతు తమకు చేరదని. 1976 చట్టంతో తెలంగాణ లంబాడలకు ఎస్టీ గుర్తింపు వచ్చింది. వాళ్ళూ పేదలే, వాళ్ళ హక్కును ఎవరూ కాదనొద్దు. కాని గుంపులో చిన్నోడి చేతికి చివరికి ఏం మిగులుతది? ఎస్సీ వర్గీకరణ కోసం 1994 నుంచి ఉద్యమం నడిచింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చేసుకోవచ్చన్నది. 2025 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో అమలుకొచ్చింది. దాని మీద మనలో రెండు మాటలున్నా, చిన్నోడి బాధ ఏమిటో మనకు కొత్తగా చెప్పే పని లేదు.

మన భూమి ఎక్కడుంది?

ఇప్పుడు అసలు విషయానికొస్తా. భూమి లేని దళితుడు కొండ వైపు ఎందుకు చూస్తున్నడు? కింద దొరకలేదు కాబట్టి.

ఇది గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు ఏలిన నేల. 1973లో భూ సంస్కరణల చట్టం వచ్చింది. గరిష్ఠ పరిమితికి మించిన భూమి పంచాలన్నది. భూములు కొడుకుల పేర, కుక్కల పేర, తోటల పేర, ట్రస్టుల పేర పోయినయి. 2014లో దళిత కుటుంబానికి మూడెకరాలన్నరు. 2021లో దళితబంధు, పది లక్షలన్నరు. మీ వాడల్లో ఎన్ని ఇండ్లకు చేరినయో చేతులెత్తమంటే ఇక్కడే లెక్క తేలుతది. తుంగభద్ర ఒడ్డున ఉండి, రాజోలిబండ కాలువ పేరు వినుకుంటూ, హైదరాబాదు అడ్డా మీద నిలబడేటోళ్ళం మనం.

కింద దొర పొలం జోలికి పోకుండా, పైన చెంచు అడివి చూపించడం పాలకులకు సులువు. 'అక్కడ ఖాళీ భూమి ఉంది' అంటరు. ఆ ఖాళీ అనే మాటను నమ్మొద్దు. ముంపులో మన ఏటి ఒడ్డును కూడా ఖాళీ అనే రాసుకున్నరు. తరతరాలుగా ఒకడు గడ్డ తవ్వుకునే చోటు, తేనె దించుకునే చోటు, చచ్చినోళ్ళను పెట్టుకునే చోటు రికార్డులో ఖాళీగానే ఉంటది.

అయితే చట్టం పేద దళితుణ్ణి, ధనిక రైతును ఒకే గిరిజనేతరుడిగా చూడటం న్యాయమా అని మన పిల్లలు అడుగుతరు. అడగవలసిన ప్రశ్నే. 2006 అటవీ హక్కుల చట్టంలో గిరిజనేతరుడు 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏండ్లు అడివి మీద బతికినట్లు చూపాలె. చదువు రాని మన తాత 75 ఏండ్ల కాయితం ఎక్కడినుంచి తెస్తడు? తరాలుగా అక్కడే ఉన్న దళిత కుటుంబాలకు గ్రామసభ సాక్ష్యం చాలనే న్యాయం కోసం కొట్లాడాలె. హిమాచల్ ప్రదేశ్‌లో 1972 చట్టం సేద్యం చేయనివాడు భూమి కొనకుండా తలుపు వేసింది. అదే చట్టం భూమిలేని ఎస్సీ ఎస్టీలకు, భూమిలేని కూలీలకు మినహాయింపు ఇచ్చింది. ఉత్తరాఖండ్‌లో 2025లో బయటివాళ్ళు పదకొండు జిల్లాల్లో సాగుభూమి కొనకుండా చట్టం చేసిండ్రు. అంటే కొండ జనం భయం మన నల్లమలది ఒక్కటే కాదు. వచ్చేది డబ్బు సంచా, ఖాళీ చేతులా అని తేడా చూడగల చట్టం రాయొచ్చని హిమాచల్ చెప్తున్నది. కాని ఆ తేడా పేరు చెప్పి 1/70కి తూటు పొడుద్దామనేవాళ్ళ వెంట మనం పోవద్దు. ఆ తూటులో ముందు దూరేది మనం కాదు. మన పేరు మీద బినామీ పట్టా చేయించుకునేవాడు.

యురేనియం చెప్పిన పాఠం

2019లో అమ్రాబాద్ అడివిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుందని తెలిసింది. అప్పుడేమయింది? చెంచు, లంబాడ, మాల, మాదిగ, బీసీ, కింది ఊళ్ళ రైతు, అందరూ ఒక్కటై రోడ్డెక్కిండ్రు. బోరు మిషన్లు ఊళ్ళకు రాకుండా కాపలా ఉన్నరు. ఆ సెప్టెంబరులో శాసనసభ యురేనియం వద్దని తీర్మానం చేసింది.

ఆనాడు 'నువ్వు ఎప్పుడొచ్చినవ్, నేను ఎప్పుడున్న' అని ఎవరూ అడగలేదు. ఇరవై ఏండ్ల కింద వచ్చిన కూలి, ఇరవై తరాల నుంచి ఉన్న చెంచు పక్కపక్కన కూచున్నరు. వచ్చినోడు స్థానికుడయ్యేది ఆధార్ కార్డులో ఊరు మారినప్పుడు కాదు. ఆ ఊరికి ఆపద వచ్చిననాడు లేచి పోకుండా నిలబడితే అయితడు.

దిగివచ్చేవాళ్ళను మనం ఎట్ల చూస్తం?

ఇప్పుడు కథ తిరగబడుతున్నది. కొండోళ్ళు కిందికొస్తున్నరు. కవ్వాల్ అభయారణ్యంలోని మైసంపేట, రాంపూర్ ఊళ్ళను 2024లో మైదానానికి తరలించిండ్రు. అమ్రాబాద్‌లో సార్లపల్లి, కుడిచింతలబైలు వంటి ఊళ్ళ పేర్లు ముందుకొచ్చినయి. కుటుంబానికి 15 లక్షలు, లేదా ఇల్లూ భూమీ అంటున్నరు. 2021కి ముందు అది 10 లక్షలు. చట్టం మాత్రం ముందు హక్కులు తేల్చాలె, గ్రామసభ ఇష్టపూర్వకంగా ఒప్పుకోవాలె అంటది. కొందరు ఇష్టంగానే వస్తున్నరు; రోడ్డు, దవాఖాన, బడి కావాలంటున్నరు. ఆ కోరికను తప్పుపట్టడానికి మనమెవరం? కాని కరెంటు రానియ్యక, రోడ్డు వేయనియ్యక, పశువును మేపనియ్యక, చివరికి 'ఒప్పుకుంటరా?' అని అడిగితే ఆ ఒప్పుకోలు ఎట్లాంటిదో ముంపు ఊళ్ళోళ్ళకు తెలుసు.

పదిహేను లక్షలు చూసి కడుపు మండేవాళ్ళకు ఒక మాట. ముంపు పైసలు మన ఇండ్లల్ల ఎన్ని దినాలు నిలిచినయి? పెండ్లికి పోయింది పోంగ, అప్పుకు పోయింది పోంగ, సారాకు పోయింది పోంగ, రెండేండ్లకు మన చేతుల తట్టే మిగిలింది. పైసలు ఒక్కసారే వస్తయి. అడివి ఏటేటా పెడతది.

వాళ్ళు మన పక్క ఊరికొచ్చిననాడు ఏమంటం? 'అడివోళ్ళు' అంటమా, మనలను 'ముంపోళ్ళు' అన్నట్లు? కూలికొస్తే రేటు తగ్గించిండ్రని వాళ్ళ మీద పడతమా, తగ్గించిన రైతు మీద పడతమా? బోరింగు కాడ బిందె పక్కకు జరుపుతమా? నల్లమల గురించి మన ఉపన్యాసాల కంటే ఆ బోరింగు కాడ మన నడతే ఎక్కువ చెప్తది.

కాబట్టి ఈ సభ ముందు కొన్ని పనులు పెడుతున్న.

ఒకటి: హక్కులు తేల్చకుండా, గ్రామసభ మనసారా ఒప్పుకోకుండా ఒక్క పెంటను కూడా కదిలించొద్దు. ఈ డిమాండు చెంచులు పెడితే మన సంఘాలు వాళ్ళ వెనుక నిలబడాలె. ముందు నడుద్దామని చూడొద్దు.

రెండు: తరలింపులో భూమిలేని కుటుంబాన్ని, ఒంటరి ఆడమనిషిని, పట్టా లేని దళితుణ్ణి వేరు కుటుంబంగా లెక్కించాలె. 1981 నాటి ముంపు లెక్క మళ్ళీ రాయనియ్యొద్దు.

మూడు: ఏజెన్సీలో నోటిమాట కౌలు మీద మన వాడలోనే కట్టడి పెట్టుకుందాం. పోవలసి వస్తే గ్రామసభనడిగి, కూలికి పోదాం. బినామీ పట్టాకు మన పేరు ఇయ్యొద్దు.

నాలుగు: కొండ బడుల్లో చెంచు పిల్లలే టీచర్లయ్యే దారి కోసం ఉపాధ్యాయ సంఘాల్లో మనమే తీర్మానం పెట్టాలె. అంతవరకు అక్కడికి పోయే మన టీచరు పెంటలో ఉండి చదువు చెప్పాలె.

ఐదు: మన భూమి పోరాటం మన మైదానంలోనే. మిగులు భూమి, ఇనాం భూమి, దేవాదాయ భూమి, ముంపు వెనక్కు పోయినప్పుడు తేలే భూమి ఎవరి సాగులో ఉన్నాయో ఊరూరా లెక్క తీద్దాం. ఆ లెక్క తీసే పని వచ్చే నెల నుంచి మన తాలూకాలోనే మొదలుపెడదాం. పేర్లిచ్చేవాళ్ళు సభ అయిపోయినంక నా దగ్గరకు రండి.

కొండ మీదికి మనం పోతే ఖాళీ చేతులతో పోదాం, అడిగి పోదాం. కొండ దిగి వాళ్ళొస్తే బిందె జరపకుండా నీళ్ళిద్దాం. ఎత్తి పోయకుండా, చెంబు చేతికిద్దాం.

జై భీమ్!